గేజి రీడింగు

నలభై ఒక్క ఏళ్ళు నేను నీళ్ళని కొలిచాను.
పొద్దున ఆరుకి, సాయంత్రం ఆరుకి
గేజి రాయి మీద పాచి తుడిచి
అడుగులూ అంగుళాలూ పుస్తకంలో ఎక్కించి
కింద సంతకం: కడలి పల్లయ్య, లస్కరు.

ఇవాళ నన్ను కొలుస్తున్నారు.

రాజోలు ఆసుపత్రి వరండాలో
నేల మీద ఎర్ర టేపు, నాలుగు మీటర్లు.
"తాతగారూ, మీ మామూలు నడకే నడవండి" అంది
స్టాప్‌వాచీ పట్టుకున్న రెబ్కా అనే పిల్ల.
మామూలు నడకంటే ఏదమ్మా?
గట్టుకి గండి పడిందన్న కబురొచ్చిన రాత్రి నడకా,
దాళ్వా కోతలయ్యి కాలువ కట్టేసిన నెలలో నడకా?
నవ్వలేదు. ఆరున్నర సెకన్లు అని రాసుకుంది.

ఇనప పిడి చేతికిచ్చి గట్టిగా పిండమంది.
ముల్లు పద్దెనిమిది దగ్గర ఆగింది.
ఈ చేతులే తూము పలకలెత్తాయి
అని చెప్పబోయి మానేశాను.
నిరుటి రీడింగుతో ఈ ఏడు చేలు తడవవు.

నా వెనక కుర్చీలో లేసులు అల్లే మంగతాయారు.
ఆవిడ ముల్లు తొమ్మిది దాటలేదు.
"పిండమంటే ఎవరి పీకనమ్మా?" అని
సంచీలోంచి కురుసు సూది తీసి
డాక్టరు పిలిచేలోపు ఓ పువ్వు పూర్తి చేసింది.
ఆ పువ్వుకి వాళ్ళ ఫారంలో గడి లేదు.
రెబ్కా రెండు పేజీలూ తిరగేసి వెతికింది,
చివరికి అంచున పెన్సిలుతో ఏదో రాసింది.

"మూడు మాటలు చెప్తాను, మళ్ళీ అడుగుతాను:
గొడుగు, బెల్లం, పడవ."

లోపల డాక్టరు నా మందుల సంచీ బల్ల మీద బోర్లించాడు.
పదకొండు రకాలు.
బీపీ మాత్రకి కాళ్ళు వాచాయి,
వాపు తియ్యడానికి ఒకటి,
అది రాత్రి నాలుగుసార్లు లేపితే నిద్రకి ఇంకోటి,
ఆ మత్తులోనే కదండీ
మొన్న పెరట్లో పడ్డది!
పై తూము సరిగ్గా దించకుండా
కింద ఎన్ని గండ్లు పూడిస్తే ఏం లాభం?
నాలుగు తీసేశాడు. ఇచ్చే డాక్టర్లని చూశాను గానీ
తీసేసే డాక్టరుని ఎనభై ఏళ్ళకి చూశాను.

రక్తంలో ఓ గడియారం ఉంటుందట.
దాని లెక్కన నాకు డెబ్బై నాలుగేనట,
అదింకా పరిశోధనలోనే ఉంది, నమ్మెయ్యకండి అన్నాడు.
"మేం చూసేది ఆయుష్షు ఒక్కటే కాదండీ,
అందులో ఎన్నాళ్ళు మీ చెంబు మీరే ముంచుకుంటారో అది."

ఆరున్నర సెకన్లు నన్ను వదల్లేదు.
ధవళేశ్వరం దాటాక గోదారి కూడా నడక తగ్గిస్తుంది.
తగ్గిన చోటే ఓండ్రు దిగుతుంది.
ఈ లంకలు, ఈ చేలు, ఈ ఆసుపత్రి పునాది
అన్నీ ఆ నెమ్మదిలోంచి లేచినవే.
పొగడ్తగా చెప్పట్లేదు.
కాలువలో పూడికా అలాగే పడుతుంది,
తియ్యకపోతే శివారు ఎండుతుంది.

"మూడు మాటలు, తాతగారూ?"
పడవ, అన్నాను ముందు. లాకు దగ్గర పుట్టినవాణ్ణి.
గొడుగు.
మూడోది రాలేదు.
రెబ్కా పెన్ను ఆగింది. నా కంటే తనకే ఇబ్బందిగా ఉంది.
పర్లేదు, రాసుకో తల్లీ, ఉన్నది ఉన్నట్టు.
నేనెప్పుడూ ఒక్క అంగుళం ఎక్కువ వెయ్యలేదు.

తిరుగు ఆటోలో, కాలువ వంతెన మీద,
గుర్రపుడెక్క ఊదారంగు పూలు చూస్తుంటే
వచ్చింది, శివారుకి నీరొచ్చినట్టు,
అందరి వంతూ అయ్యాక.

"బెల్లం!"

"ఏటి తాతా, కొట్టు దగ్గర ఆపాలా?"
వద్దురా. షుగరు.
పన్నెండేళ్ళుగా అది మరిచిపోవాలనే కదా
నాకు మందులిస్తున్నారు.